'రాజు కూడా'నా, 'రాజు తప్ప'నా?

వైకింగుల పటపు ఆట హ్నెఫాటాఫ్ల్ చదరంగం ప్రాబల్యంతో ఉత్తర ఐరోపాలో క్రమంగా మరుగున పడింది. దాని నియమాలను సమగ్రంగా తెలిపే నాటి గ్రంథమేదీ మనకు దక్కలేదు. అయితే ఆ కుటుంబానికే చెందిన టాబ్లుట్‌ను సామీ ప్రజలు ఆడుతుండగా, 1732 నాటి లాప్లాండ్ యాత్రలో 25 ఏళ్ల వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ చూసి, తన దినచర్య గ్రంథంలో లాటిన్‌లో నమోదు చేశాడు.

పటానికి 81 గళ్లు. నడిమి గడిలో స్వీడన్ రాజు, చుట్టూ 8 మంది భటులు, వెలుపల 16 మంది మస్కోవీయులు. మన పులిజూదంలో వలెనే ఇరుపక్షాల బలాలు అసమానం. రాజు అంచును చేరితే అతని పక్షానిదే విజయం.

శత్రువును ఇరువైపులా ఇద్దరు బంధిస్తే ఆ కాయను తొలగించాలి, 'రాజును కూడా' అని లిన్నేయస్ వ్రాశాడు. 1811లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ ప్రచురించిన ఆంగ్లానువాదంలో అది 'రాజును తప్ప' అయింది. దస్త్రాల తర్జుమాలతో పరిచయమున్నవారికి ఇది వింతగా తోచదు. కాని నలుగురు చుట్టుముడితే గాని చిక్కని రాజు సులువుగా అంచు చేరిపోయేవాడు. 1913లో వెలువడిన హెచ్.జె.ఆర్. మర్రే చదరంగ చరిత్ర సైతం ఈ అనువాదాన్నే ఆధారం చేసుకున్నది. ఆట ఏకపక్షమైనదని గ్రహించిన కొందరు, అంచుకు బదులు నాలుగు మూలలనే రాజుకు గమ్యంగా నిర్ణయించి క్రొత్త రూపాలు కల్పించారు. మూలం ప్రకారం సింహాసనంపై ఉన్న రాజును పట్టడానికి నలుగురు, దాని ప్రక్క గడిలో ముగ్గురు అవసరం; తక్కిన చోట్ల ఇద్దరే చాలు.