మిగులు సైనిక పిస్తోళ్లు

అవసరము తీరిన పిదపనో, క్రొత్త నమూనా వచ్చిన పిదపనో సైన్యములు కొలువునుండి తొలగించిన చేతి తుపాకులకు ఈ పేరు చెల్లును. యుద్ధకాలమున లక్షలకొలదిగా తయారై, శాంతికాలమున గిడ్డంగులలో మిగిలిపోయిన యీ ఆయుధములు కొన్ని దేశములలో అంగడికెక్కి, సేకరించువారికిని గురి కొట్టువారికిని ప్రీతిపాత్రములైనవి. మన దేశమున మాత్రము వీని చరిత్ర వేఱు త్రోవను నడచినది.

నమూనాలు. జర్మను సైన్యము 1908లో లూగరును, అమెరికా సైన్యము 1911లో జాన్ బ్రౌనింగు రూపొందించిన .45 పిస్తోలును, ఆంగ్ల సైన్యము 1915లో వెబ్లీ రివాల్వరు ఆఱవ నమూనాను స్వీకరించెను. బ్రౌనింగు ప్రారంభించి, 1926లో మరణించుటచే విడిచిపోయిన మఱియొక పిస్తోలును బెల్జియములో ద్యుదొన్నే సైవ్ అనునతడు పూర్తిచేయగా, అది ‘హై పవర్’ అను పేర 1935లో వెలువడి, తరువాతి కాలమున ఇషాపూరు కర్మాగారమున తయారై భారత సైన్యమునకును పోలీసులకును 9 మి.మీ. పిస్తోలయ్యెను. అమెరికా ప్రభుత్వము 1945 తరువాత క్రొత్త .45 పిస్తోళ్లను కొనకపోయినను, 1985లో బెరెట్టా వచ్చువఱకు పాతవానితోనే సైన్యమును నడపెను. నిలువలో మిగిలినవానిని ఏడాదికి పదివేలకు మించకుండ పౌరులకు విక్రయించు ఏర్పాటు 2018లో అమలులోనికి రాగా, కోరినవారు పెక్కుమంది యగుటచే వరుసను చీట్లవలె యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయింపవలసివచ్చెను.

ఆకర్షణ. పాత ఇనుమునకు ఇంత గిరాకి యేల యను ప్రశ్నకు సమాధానము ఆ ఇనుముమీదనే చెక్కబడియున్నది. మంగళగిరి నేతగాడు చీరను విప్పకయే నిజాం అంచును చూచి దాని పుట్టుకను చెప్పగలిగినట్లు, సేకరణకర్త పిస్తోలును పేల్చకయే దాని ముద్రలను బట్టి వృత్తాంతమును చదువును. లూగరులోని చిన్నచిన్న భాగములమీద సైతము తుపాకి సంఖ్యలోని చివరి అంకెలు కొట్టబడియుండును. అవి యన్నియు సరిపోయినచో భాగములు మారలేదని తెలియును, వెలయు పెరుగును. ఆంగ్లేయుల ఆయుధములమీది బాణపు గుర్తు ప్రభుత్వపు సొత్తునకు చిహ్నము. దానితో ‘ఐ’ అను అక్షరమున్నచో అది భారతదేశమునకు చెందినది. రెండు బాణములు మొనకు మొన తాకునట్లు ఎదురెదురుగా నున్నచో, కొలువు ముగిసి అమ్మబడినదని యర్థము. ఇట్లు ఆయుధపు పదవీవిరమణపత్రము దాని దేహముమీదనే యుండును.

వెబ్లీ పనితీరు చూడ ముచ్చటగొలుపును. పిడికిపై ఎడమప్రక్కనున్న మీటను బొటనవ్రేలితో నొక్కి గొట్టమును క్రిందికి వంచినంతనే తుపాకి నడుమకు తెరచుకొనును. ఆ కదలికతోనే చక్రము మధ్యనుండి నక్షత్రాకృతి గల పలక లేచి ఆఱు గుల్లలను ఒక్కమారుగా వెలికి నెట్టును. కిలోకు పైబడిన బరువు గలదగుటచే పేల్చినపుడు చేతిలో ఎగిరిపడదు. అమెరికాకు చేరిన వెబ్లీలలో పెక్కింటి చక్రములను, అచ్చట సులభముగా దొరకు .45 తూటా పట్టుటకై వెనుకప్రక్క అరగదీసిరి. అందుచేత అరగదీయని వెబ్లీ నేడు అపురూపమైనది.

భారతదేశమున. 1878నాటి ఆయుధచట్టము భారతీయునకు లైసెన్సును విధించి ఐరోపావారిని మినహాయించెను. స్వతంత్ర భారతపు 1959 చట్టము జాతిభేదమును తొలగించినను, 1962 నియమావళి .380, .455 అంచు తూటాలును, సైనికపు 9 మి.మీ. తూటాలును పట్టు పిస్తోళ్లను, రివాల్వర్లను నిషిద్ధముల జాబితాలో చేర్చెను. అనగా లోకమందలి సేకరణకర్తలు ఏ వెబ్లీని, ఏ బ్రౌనింగును కోరుదురో, వానినే మన చట్టము తూటా పేరున సామాన్యునకు దూరము చేసినది. జబల్పూరు ఆయుధ భాండారమునుండి సైనికాధికారులు కొనుగోలు చేయు వీలున్న ‘నాన్ సర్వీస్ ప్యాటర్న్’ (కొలువు నమూనా కాని) ఆయుధములు మాత్రము కొంత మినహాయింపు. అవి రాజస్థానమున బయటివారి చేతులలోనికి పోయిన వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. పేల్చుటకు ఎంతమాత్రము వీలుకాని, మరమ్మతునకును లొంగని పురాతనాయుధములకు 45వ సెక్షను చట్టమునుండి విడుదల నిచ్చినది.

అయినను వెబ్లీ మన దేశమును విడిచిపోలేదు. దాని .38 నమూనా దేహమునే .32 తూటాకు అనుగుణముగా మార్చి కాన్పూరు కర్మాగారము పౌరులకు రివాల్వరును తయారుచేసెను. అందు నిషేధము వర్తించు తూటా లేదు గాని, నడుమకు వంగి తెరచుకొను నడక యదియే.

మంగళగిరి ప్రాంతమున. ప్రత్యేక పోలీసు ఆఱవ పటాలమునకు నిలయమై, 2017నుండి రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయమునకును ఆటపట్టైన యీ పట్టణము చుట్టునున్న ప్రత్తి, మిరప మైదానములలో లైసెన్సు గల తుపాకి సేకరణవస్తువు కాదు, పరువునకును రక్షణకును గుర్తు. 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు ఆయుధముల హద్దును రెండింటికి తగ్గించినది. వారసత్వముగా వచ్చినదియు ఆ లెక్కలోనిదే. ఎన్నికలు ప్రకటింపబడినపుడు లైసెన్సుదారుడు తన .32ను గుడ్డలో చుట్టి ఠాణాకు తెచ్చి అప్పగించును. కానిస్టేబులు దానిని నడుమకు వంచి గదులు ఖాళీగా నున్నవని చూచి, దేహముమీది సంఖ్యను లైసెన్సుతో సరిచూచి, పుస్తకమున వ్రాసికొని రసీదునిచ్చును. సేకరణకర్త గతమును వెదకుచు చదువు ముద్రను ఇచ్చట రాజ్యము, ఆ ఆయుధము నేడు ఎవరి చేతిలో నున్నదో తెలిసికొనుటకై చదువుచున్నది.