గల్ఫ్‌లో ఇంటిపని పేరిట మోసపోతే: సాయం ఎక్కడ, ఎలా?

వేరుశనగ ఎండిపోయిన ఏడాది అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పల్లెల్లో అప్పు తీర్చే దారి కోసం కొందరు మహిళలు కువైట్, సౌదీలకు ఇంటిపనికి వెళ్తారు. మీ ఇంట్లో పనిచేసే ఆమె, ఊళ్లోని మీ బంధువు రేపు మిమ్మల్నే సలహా అడగొచ్చు. అందుకే ఇవి తెలుసుకోండి.

ఏది అక్రమ రవాణా?

మోసంతోనో, బెదిరించో తీసుకెళ్లి వెట్టిచాకిరీలోకి, బానిసత్వంలోకి నెడితే అది భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద నేరం. శిక్ష 7 నుంచి 10 ఏళ్లు. 'ఆమె ఒప్పుకునే వచ్చింది' అన్న ఏజెంటు వాదన చెల్లదు.

వెళ్లేముందు ఏం చూడాలి?

పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నియామకాలు చూసే ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్. ఏజెంటు లైసెన్సును కూడా ఈ-మైగ్రేట్‌లోనే సరిచూడొచ్చు. 'ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తా' అంటే ఆగండి. అలా వెళితే ఆమె చేతిలో పని ఒప్పందం ఉండదు, ప్రభుత్వ రికార్డుల్లో యజమాని పేరూ ఉండదు.

చిక్కుకుంటే?

విజిట్ వీసా మీద వెళ్లామన్న భయంతో మౌనంగా ఉండొద్దు. ఇక్కడున్న కుటుంబం మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. పాస్‌పోర్టు నకలు, యజమాని పేరు, ఫోన్ నంబరు, వాట్సాప్ లొకేషన్ సిద్ధంగా పెట్టుకోండి. కష్టాల్లో ఉన్నవారికి వసతి, న్యాయ సాయం, విమాన టికెట్ ఖర్చులకు రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఏజెంటుపై దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు.

దేశాల మధ్య ఒప్పందాలేం చేస్తాయి?

అక్రమ రవాణాపై ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన ప్రొటోకాల్‌ను భారత్ 2011లో ధ్రువీకరించింది. కువైట్, సౌదీ, యూఏఈ కూడా అందులో ఉన్నాయి. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, బాధితులను కాపాడి సురక్షితంగా స్వదేశానికి పంపడం అందులోని ముఖ్యాంశాలు. ఇంటిపనివారి నియామకంపై భారత్, కువైట్ 2021 జూన్‌లో విడిగా ఒప్పందం చేసుకున్నాయి. అయితే ఇవేవీ వాటంతటవే కదలవు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే రాయబార కార్యాలయం అక్కడి అధికారులను అడగగలదు.

తిరిగొచ్చాక?

విమానం దిగడంతో కథ ముగియదు. ఊళ్లో అప్పు అలాగే ఉంటుంది, నలుగురి మాటలూ ఉంటాయి. ఉచిత న్యాయ సాయానికి, బాధితుల పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. నంబరు 15100. మహిళల హెల్ప్‌లైన్ 181. ఈ నంబర్లు మీ ఫోన్‌లో దాచుకోండి, అడిగినవారికి పంపండి.