ఎగ్జిట్: కరెంటు గిటార్ పట్టిన ఆదివాసీలు



ఆదివాసీ పాట అనగానే బయటివాళ్లకు డోలు, కొమ్ముబూర, నెమలీకల టోపీ గుర్తొస్తాయి. కరెంటు గిటార్ అస్సలు గుర్తురాదు. అమెరికాలోనూ అంతే. అందుకే ఈసారి ఎగ్జిట్ అనే బ్యాండ్ గురించి రాస్తున్నాం.

న్యూ మెక్సికో రాష్ట్రంలో అల్బుకర్కీ అనే ఊరు. 1960ల చివర అక్కడి నేటివ్ అమెరికన్ కుర్రాళ్లు 'లింకన్ స్ట్రీట్ ఎగ్జిట్' పేరుతో రాక్ వాయించేవారు. 1970లో ఒక రికార్డు కూడా వచ్చింది. తర్వాత పేరు కుదించి 'ఎగ్జిట్' అన్నారు. ఆ అక్షరాలకే 'అనేక తెగల కలయిక' అనే అర్థం కూడా చెప్పుకున్నారు. పాటలు రాసింది ఎక్కువగా టామ్ బీ, డకోటా మనిషి. ఆయన రాసిన పాటను 1971లో జాక్సన్ ఫైవ్ పాడింది. అంటే మైకేల్ జాక్సన్ చిన్నప్పటి బృందం! ఆ పరిచయంతోనే మోటౌన్ కంపెనీ రాక్ విభాగం 'రేర్ ఎర్త్' తలుపు తెరుచుకుంది.

1972లో 'ప్లైట్ ఆఫ్ ది రెడ్‌మాన్' వచ్చింది. ఎర్రమనిషి దురవస్థ అని అర్థం. అది ప్రోగ్రెసివ్ రాక్ కాలం. విడివిడి పాటలు కాకుండా రికార్డు మొత్తం ఒకే కథగా నడిపేవాళ్లు. మిగతా బ్యాండ్లు ఆ పద్ధతిలో మాయలోకాల కథలు చెప్పుకుంటుంటే, వీళ్లు తమ చరిత్రే చెప్పారు. మొదట ప్రశాంతంగా బతికిన కాలం, తర్వాత తెల్లవాడి రాక, యుద్ధం, చివర్లో పాట కాదు, నిలదీసే మాట. మధ్యలో నవాహో భాషలో ఒక ప్రేమపాట. మాకైతే అన్నిటికన్నా పెద్ద తెగువ అదే అనిపిస్తుంది. పెద్ద కంపెనీ రికార్డులో, ఎవరికీ అర్థం కాదని తెలిసీ సొంత భాష పెట్టడం.

అప్పటి గాలీ అలాంటిదే. అంతకుముందే అల్కట్రాజ్ దీవిని ఆదివాసీ విద్యార్థులు, వాళ్లతో వచ్చినవాళ్లు 19 నెలలు పట్టుకుని కూర్చున్నారు. 1973లో వూండెడ్ నీ దగ్గర 71 రోజుల ముట్టడి జరిగింది. అదే ఏడాది ఎగ్జిట్ రెండో రికార్డు 'సైలెంట్ వారియర్' వచ్చింది. అందులో ఒక పాట పేరు 'రిజర్వేషన్ ఆఫ్ ఎడ్యుకేషన్'.

ఇక్కడ కొంచెం ఆగాలి. మనకు రిజర్వేషన్ అంటే సీటు, ఉద్యోగం. వాళ్లకు రిజర్వేషన్ అంటే భూములు పోయాక తెగకు మిగిలిన నేల. మన ఏజెన్సీలాంటిదే అనుకుందామంటే, అక్కడ తెగలకు సొంత ప్రభుత్వం, సొంత కోర్టులు ఉంటాయి. ఇక చదువంటారా, 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ స్కూల్ పెట్టి పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష మాట్లాడొద్దన్నారు. హాస్టల్లో గోండీ, కోయ, సవర మాట్లాడి నవ్వులపాలైనవాళ్లం మనలోనూ ఉన్నాం కదా, ఆ పాట పేరులోని పోటు మనకు వేరే చెప్పక్కర్లేదు.

మోటౌన్‌తో బంధం ఆ రెండు రికార్డులతోనే అయిపోయింది. 1977లో క్యానియన్ రికార్డ్స్ ద్వారా 'రీలొకేషన్' తెచ్చారు. ఆ మాట వినగానే మనకు పోలవరం ముంపు ఊళ్లు కళ్లముందుకొస్తాయి. అక్కడ డ్యాం కాదు, 1956 నాటి చట్టం. ఉద్యోగ శిక్షణ పేరుతో ఆదివాసీలను రిజర్వేషన్ల నుంచి షికాగో, డెన్వర్ లాంటి నగరాలకు తరలించారు. ఎగ్జిట్ జోరు అక్కడితో తగ్గింది. తర్వాత అప్పుడప్పుడు కలిసి వాయించారంతే.

టామ్ బీ మాత్రం ఊరుకోలేదు. 1989లో అల్బుకర్కీలోనే 'సౌండ్ ఆఫ్ అమెరికా రికార్డ్స్' పెట్టి తెగల పాటలు రికార్డు చేయించాడు. 2001లో గ్రామీ అవార్డుల్లో నేటివ్ అమెరికన్ సంగీతానికి మొదటిసారి విడిగా ఒక విభాగం పెట్టినప్పుడు, ఆ తొలి అవార్డు ఆయన మరొకరితో కలిసి నిర్మించిన పౌవౌ ఆల్బమ్‌కే వచ్చింది. పౌవౌ అంటే తెగలన్నీ కలిసే ఆటపాటల జాతర. 2011 తర్వాత ఆ విభాగాన్ని ఎత్తేసి వేరేదాంట్లో కలిపేశారు.