సెంట్రల్ మెట్రో కూడలి – విక్టోరియా పబ్లిక్ హాలు: తెలుగు నాటక చరిత్రలో ఒక విస్మృత స్థలం

చెన్నై మెట్రోలో విమానాశ్రయం నుండి విమ్కో నగర్ వరకు సాగే నీలి మార్గమూ, సెయింట్ థామస్ మౌంట్ నుండి వచ్చే ఆకుపచ్చ మార్గమూ సెంట్రల్ వద్ద భూగర్భంలో కలుస్తాయి. ఆకుపచ్చ మార్గం 2018 మే 25న, నీలి మార్గం 2019 ఫిబ్రవరి 10న ఇక్కడికి చేరాయి. రెండు మార్గాల ప్లాట్‌ఫారాలు ఒకదాని కింద ఒకటిగా ఉన్నాయి. 2020లో స్టేషనుకు ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టారు. తెలుగువారి నోట మాత్రం ఆ చోటు నేటికీ ‘మద్రాసు సెంట్రలే’.

స్టేషను పైన, పూనమల్లి హైరోడ్డు పక్కన, 1873 నాటి రైల్వే స్టేషను, 1913 నాటి రిప్పన్ భవనం ఉన్నాయి. ఆ భవనం పక్కనే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు. మార్గం మారడానికి కిందికి దిగే ప్రయాణికుల్లో దానివైపు తలెత్తి చూసేవారు అరుదు. తెలుగు నాటక పరిశోధకులు మాత్రం చూడవలసిన భవనమది.

ఈ హాలుకు 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి రాజు. రూపశిల్పి చిజం. నిర్మాణం 1888–90 మధ్య జరిగింది. మరుసటి సంవత్సరమే, అంటే 1891లో, ధర్మవరం రామకృష్ణమాచార్యుల బళ్ళారి సరస వినోదినీ సభ ఇక్కడ తెలుగు నాటకాలు ప్రదర్శించింది. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ ముదలియార్ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు. అంతవరకు తమిళ నాటకమంటే ఆయనకు ఏవగింపు. చదువుకున్నవారు, సమాజంలో గౌరవం ఉన్నవారు రంగమెక్కి నటించడం ఆయనను కదిలించింది. అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. తర్వాతి కాలంలో తొంభైకి పైగా నాటకాలు రాసి, ఆధునిక తమిళ రంగస్థలానికి ఆద్యులలో ఒకరయ్యారు. ఈ విషయం ఆయనే తన స్మృతులలో చెప్పుకున్నారు. కనుక దీన్ని మన భాషాభిమానం అల్లిన కథగా కొట్టివేయలేము.

ఇంతటి ఘట్టానికి తెలుగు నాటక చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. కారణం సాహిత్యంలో లేదు, పటంలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి పట్టణం మైసూరుకు వెళ్ళింది, మద్రాసు తమిళులకు మిగిలింది. ‘ఆంధ్ర నాటక పితామహు’ని పుస్తకాలలో నిలుపుకున్నాం కానీ, ఆయన బృందం నడిచిన దారిని వదులుకున్నాం. ఆనాడు బళ్ళారి, విజయనగరం, మద్రాసు ఒకే ప్రెసిడెన్సీలోని ఊళ్ళు. బళ్ళారి బృందం మద్రాసులో తెలుగులో ఆడడం పరాయి చోటికి పోవడం కాదు.

సంబంధ ముదలియార్ తమిళ స్మృతులను, రామకృష్ణమాచార్యుల ‘చిత్రనళీయం’ మొదలైన నాటకాలను పక్కపక్కన పెట్టి చదివితే, తెలుగు రంగస్థలం నుండి తమిళ రంగస్థలానికి ఏవి చేరాయో పరిశీలించవచ్చు. పద్యపఠనమా, పాటలా, తెరలూ దుస్తులా, లేక ఔత్సాహిక సభ అనే వ్యవస్థ మాత్రమేనా? స్మృతుల సాక్ష్యాన్ని బట్టి చివరిదే ముఖ్యమని నాకు తోస్తుంది. మిగిలినవాటిని నాటక పాఠాలతోనే తేల్చాలి.