పరాయి వంకాయ

మేడమీద కుండీలో వేసిన చైనా రకం టొమాటో ఈ వారం ఎర్రబడింది. నిజానికి టొమాటో పుట్టిల్లు చైనా కాదు, దక్షిణ అమెరికా. మింగ్ రాజుల చివరికాలంలో చైనా చేరింది. 1621లో వాంగ్ షియాంగ్‌జిన్ తన మొక్కల గ్రంథంలో దాని గురించి రాశాడు. చాలాకాలం అందానికే పెంచారట. దాని పేరు ‘ఫాన్‌చియె’, అంటే పరాయి వంకాయ! ఇప్పుడేమో ప్రపంచంలో టొమాటో ఎక్కువ పండించేది వాళ్లే. టొమాటో కోడిగుడ్డు కూర అక్కడ ఇంటింటి వంట. పేరు మాత్రం మారలేదు.

మా అత్తగారింట్లోనూ అంతే. తద్దినం వంటలోకి టొమాటో రాదు, మిగతా రోజుల్లో అది లేనిదే చారు లేదు.

ఇరవై ఏళ్లయినా అత్తయ్యగారు నా వంటని ‘మీ పుట్టింటి పద్ధతి’ అనే అంటారు. చారు మాత్రం నేనే పెట్టాలి.