కట్టమంచివారి చరిత్రదృష్టి

చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారిని కవిగను, విమర్శకులుగను స్మరింతుము. వారు వృత్తిచే చరిత్రాధ్యాపకులన్న మాట మఱతుము. కేంబ్రిడ్జిలో చరిత్ర నభ్యసించి, బరోడాలో కొంతకాలము బోధించి, మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులై, తుదకు దానికే ప్రిన్సిపాలైరి.

వారికి కీర్తి దెచ్చినవి చరిత్రగ్రంథములు కావు, నిజమే. కాని విద్యార్థిదశలో రచించిన ‘ముసలమ్మ మరణము’నకు వస్తువు పురాణము గాదు, అనంతపుర ప్రాంతపు చెఱువుకట్ట కథ. మైసూరులో నుండగా 1914లో వెలువరించిన ‘కవిత్వతత్త్వవిచారము’న కావ్యములను ఆయా కాలముల సంఘస్థితితో ముడివెట్టి పరీక్షించిరి. ప్రబంధకవులపై వారి తీర్పు కొంత కఠినమనియే మాకు దోచును. పద్ధతి మాత్రము చరిత్రకారునిది.

మైసూరున గడించిన పాలనానుభవముతోడనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ వైస్‌ఛాన్సలరైరి. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని విడిచిరి; 1936లో మరల చేపట్టి 1949 వఱకు నిర్వహించిరి.