దస్త్రంపై హక్కు: కరణం నుంచి డేటాబేస్ ఫంక్షన్ వరకు

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటలున్న రైతుకు అడంగల్‌లో ఒక్క గీత మారితే తోట మీద హక్కే తగాదాలో పడుతుంది. 1936లో ఒరిస్సా ఏర్పడేవరకు టెక్కలి మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేది. జమీందార్లు పోయారు, జిల్లాలు మారాయి. గ్రామ లెక్కలు మాత్రం చాలాకాలం కరణం చేతిలోనే ఉన్నాయి. దస్త్రం చదివేది, రాసేది ఆయనే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పదవి పోయినా ప్రశ్న మిగిలింది: దస్త్రాన్ని ఎవరు, ఏ మేరకు మార్చవచ్చు?

కంప్యూటర్ శాస్త్రంలో ఇదే ప్రశ్నకు 1976లో ఐబీఎం పరిశోధకులు గ్రిఫిత్స్, వేడ్ 'సిస్టమ్ ఆర్' కోసం ఒక జవాబు రూపొందించారు. హక్కు ఇచ్చినవారే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు వారినుంచి హక్కు పొందినవాడు ఇతరులకు పంచినదీ రద్దవుతుంది.

అయితే పట్టిక మీద హక్కు మొత్తంగా ఇవ్వడం కరణానికి దస్త్రం అప్పగించడం లాంటిదే. అందుకే పనిని ఒక ఫంక్షన్‌గా రాసి, దాన్ని నడిపే అనుమతి మాత్రమే ఇస్తారు. ఒక ఊహా ఉదాహరణ తీసుకోండి. 'పట్టా_మార్పు' అనే ఫంక్షన్ సర్వే నంబరును, దరఖాస్తును సరిచూసి ఒక్క వరుసను మారుస్తుంది. దాన్ని 'సెక్యూరిటీ డిఫైనర్'గా రాస్తే యజమాని అధికారంతో నడుస్తుంది. పిలిచిన గుమాస్తాకు పట్టికపై హక్కు అక్కర్లేదు. ఈ సౌకర్యం, ఫంక్షన్లపై అనుమతులు పోస్ట్‌గ్రెస్‌లో 2002 నాటి 7.3 సంచికతో వచ్చాయి.

ఇక్కడే విద్యార్థులు జాగ్రత్త వహించాలి. కొత్త పట్టికను యజమాని తప్ప సామాన్య వాడుకరి ఎవరూ ముట్టలేరు. కొత్త ఫంక్షన్‌ను నడిపే హక్కు మాత్రం 'పబ్లిక్' పేరిట అందరికీ దానంతటదే దక్కుతుంది! నా దృష్టిలో ఇది పాత సౌలభ్యం కోసం ఉంచిన వింత నియమం. కనుక ఫంక్షన్‌ను సృష్టించడం, 'పబ్లిక్' నుంచి హక్కును రివోక్ చేయడం, తహసీల్దారు పాత్రకు గ్రాంట్ చేయడం, ఈ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. మధ్యలో క్షణం సందు దొరికినా సందే. 2010 నాటి 9.0 నుంచి ఈ సహజ నియమాన్నే ముందుగా మార్చుకునే ఆదేశం కూడా ఉంది.

తర్వాత సవరణ చేసేటప్పుడు ఫంక్షన్‌ను 'రీప్లేస్' చేస్తే పాత అనుమతులు నిలుస్తాయి. తొలగించి మళ్ళీ సృష్టిస్తే అవి పోయి, తలుపు మళ్ళీ అందరికీ తెరుచుకుంటుంది.